ఏడో పళ్ళెం

యాకూబు చేతిలో ఉన్నవి పన్నెండు బస్తాల బియ్యం. గోదావరి పొంగి కొండ కింది గూడెం మునిగిందని తెలిసిన రోజే, ఎవరూ చెప్పకుండానే ఊళ్ళో కొట్లన్నీ తిరిగి పోగుచేశాడు. తలకి ఎంతొస్తుందో నడుస్తూనే లెక్క కట్టేశాడు. పడవ మాట్లాడుకుని గూడేనికి తీసుకెళ్ళాడు.

మర్నాడు అన్ని బస్తాలతోనూ తిరిగొచ్చి, దర్గాలో తన గురువు జలీల్ షా ఎదుట కూలబడ్డాడు.

"ఒక్క గింజ తీసుకోలేదు బాబా. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, అయినా తీసుకోలేదు."

"ఏమన్నావేమిటి?"

"ఏమంటాను? ఇంటికి ఎంతమందని అడిగాను. మొదట సింగమ్మ అనే ఆవిడ వచ్చి 'ఐదుగురం బాబూ' అంది. చూస్తే తల్లీ కూతురూ ఇద్దరే! మిగతావాళ్ళేరమ్మా అంటే, గట్టు మీద కట్టేసిన రెండు ఎడ్లను చూపించింది. ఐదోవాడు మొగుడట. వేసవిలోనే పోయాడు! కొత్త పంట ఇంటికొచ్చేదాకా ఆయనా ఇంట్లోవాడేనట, రోజూ ముద్ద తీసి పెట్టాలట. అబద్ధాలాడకమ్మా అని ఇద్దరికే కొలిచాను. ఆవిడ చేటలో బియ్యం మళ్ళీ బస్తాలో పోసేసింది. అంతే, గూడెం మొత్తం మొహం తిప్పుకుంది."

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు.

"లెక్క తెలియని మనుషులు బాబా. ఈ బియ్యం పక్క ఊరికి ఇచ్చేయనా?"

"ముందు అన్నం తిందాం. వడ్డించమను."

యాకూబు వంటగదిలోకి తొంగి చూసి కేకేశాడు. "చాచా, ఏడుగురికి!"

చాప మీద ఏడు పళ్ళేలు పరిచారు. దర్గాలో ఉండే మరో ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించి చాచా కూడా వచ్చి కూర్చున్నాడు. చివరి పళ్ళెం ముందు ఎవరూ లేరు.

జలీల్ షా ఆ పళ్ళెం ఎత్తి, అన్నం మళ్ళీ గిన్నెలోకి వంచబోయాడు.

యాకూబు చప్పున ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "బాబా! అది బాటసారిది!"

"ఏడీ?"

"రోజూ వస్తాడేమిటి? వచ్చినా రాకపోయినా పెట్టాల్సిందేగా. తీసేస్తే ఎంత తప్పు!"

"నాకు ఆరుగురే కనిపిస్తున్నారు. ఏడుగురని కేకేసింది ఎవరు?"

యాకూబు ఆ పళ్ళెం వైపు చూశాడు. గురువు మణికట్టు ఇంకా తన పిడికిట్లోనే ఉంది. మెల్లగా వదిలాడు.

జలీల్ షా పళ్ళేన్ని దాని చోట పెట్టి, తినడం మొదలుపెట్టాడు.

యాకూబు ముద్ద కలిపాడు గాని నోట పెట్టలేదు.

"బాబా, ఆవిడ మొగుడి పేరేమిటో నేను అడగనే లేదు."

"పడవవాడు రేవులోనే ఉన్నాడు. తిని వెళ్ళు."

యాకూబు అప్పటికే చేయి కడుక్కుని, గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాడు.