మెలికల ముగ్గులో పరుగు పందెం

వెదుళ్ళలంకలో తెలివంతా ఒక్క ఇంట్లోనే పోగుపడిందని చెబుతారు. ఎవరు చెబుతారంటే ఆ ఇంట్లో వాళ్ళే చెబుతారు. ఊరివాళ్ళు ఔనని తలూపి, సందు తిరిగాక నవ్వుకుంటారు. ఆలోచన వారి ఇల్లని దానికి పేరు. ఇంటి పెద్ద గంగాధరం, అతని భార్య వరహాలమ్మ, అతని తమ్ముడు భద్రం, అంతే, ఉండేది ముగ్గురే. ఆ ముగ్గురి బుర్రలూ కలిస్తే ఊరంతటికీ సరిపోయి, పక్క ఊరికి కూడా కొంత పంచవచ్చని వాళ్ళ గట్టి నమ్మకం.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏదైనా చిక్కు వస్తే ముగ్గురూ ఒకే నులకమంచం మీద కూర్చుని ఆలోచించాలి. కింద కూర్చుంటే ఆలోచన నేలలోకి ఇంకిపోతుందట. అప్పుడప్పుడూ ఆ మంచం తెగుతుంది. తెగినప్పుడల్లా గంగాధరం కింద పడ్డచోటే కూర్చుని, ఎంత బరువైన ఆలోచన చేశామో చూశావా అని తమ్ముడి వీపు తడతాడు. రెండో పద్ధతి ఇంకా గట్టిది. పెద్దవాళ్ళు ఏ మాట చెబితే ఆ మాట అలాగే చెయ్యాలి, సొంత తెలివి చుక్కైనా కలపకూడదు. పాలల్లో నీళ్ళు కలపడం ఎంత తప్పో, మాటలో తెలివి కలపడం అంత తప్పని వాళ్ళ నాన్న చెప్పి పోయాడు. కొడుకులు ఆ తప్పు ఒక్కనాడూ చెయ్యలేదు.

ఆ ఊరి అవతల పద్మనాభరాజు గారని ఒకాయన కేరింత పార్కు కట్టించారు. జెయింట్ వీలు, గిర్రున తిరిగే కొయ్యగుర్రాలు, గుహలో దూరి వచ్చే బుల్లి రైలు, మోకాలి లోతు నీళ్ళలో అలలు లేచే కొలను, అన్నీ ఉన్నాయి. లేనిది జనమే. గేటు బయట వరహాలమ్మ బండి మీద పుణుకులు వేసి అమ్మేది. ఆవిడ తెలివి సంగతి ఎలా ఉన్నా పుణుకులు మాత్రం అమోఘం, నేనే తిన్నాను. లోపల జెయింట్ వీలు నీడన ఒక చిన్న కొట్టు ఖాళీగా ఉండేది. దాని మీదే ఆవిడ ప్రాణమంతా. వానొస్తే గొడుగు మూకుడికి పట్టి తాను తడుస్తూ, ఆ కొట్టు వైపే చూస్తూ నిలబడేది. పాపం, ఆ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ జాలేస్తుంది.

పార్కుకి జనం రావాలంటే పరుగు పందెం పెట్టాలని రాజుగారికి ఎవరో చెప్పారు. ఆదివారం పందెమని ఊళ్ళన్నిటా చాటించారు. తీరా చూస్తే మేనేజరు మరదలి పెళ్ళికని వెళ్ళి కూర్చున్నాడు. రాజుగారికి పాలుపోక గేటు బయటికి వస్తే, బండి దగ్గర ముగ్గురూ ఖాళీగా కనిపించారు. ఆయన ఇంకేం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

"పందెం మీరు జరిపించాలి. జనం సంతోషంగా ఇళ్ళకి వెళితే లోపల కొట్టు మీది. రసాభాస అయిందా, బయట బండి కూడా తీయించేస్తాను" అన్నారు రాజుగారు.

వరహాలమ్మకి సంతోషం, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి. రాజుగారు పనులు పంచారు. భద్రం గేటు దగ్గర కూర్చుని, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళ పేరూ రాసుకుని నంబరు కట్టాలి, నంబరు కట్టాక పరిగెత్తకుండా ఎవరూ బయటికి పోకూడదు. గంగాధరం రుసుము వసూలు చెయ్యాలి, ఎంత ముందొస్తే అంత తక్కువ, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ. వరహాలమ్మ ముగ్గుపిండితో దారి గియ్యాలి, ఆ గీత పార్కులో ప్రతి ఆటనీ చుట్టి రావాలి, పరిగెత్తేవాళ్ళు గీత వదలకూడదు. ముగ్గురూ ఆ మాటలు రాత్రి దాకా వల్లె వేశారు.

ఆదివారం పొద్దున్నే భద్రం గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. మొదట పాలబ్బాయి వచ్చాడు. పేరు రాశాడు, నంబరు కట్టాడు. తర్వాత కరెంటు మీటరు చూసే ఆయన వచ్చాడు. ఆయనకీ కట్టాడు. ఆఫీసు గదిలో టీ పొయ్యి దగ్గరున్న ఖాళీ సిలిండరు పట్టుకెళ్ళడానికి గ్యాసు బండి మల్లేశం వచ్చాడు. నేను పందానికి రాలేదు బాబూ అని మొత్తుకున్నాడు.

"పందానికా, పెళ్ళికా అని నాకు చెప్పలేదండి. మీరు లోపలికి వచ్చారా, లేదా?" అన్నాడు భద్రం.

వచ్చానని మల్లేశం ఒప్పుకోక తప్పింది కాదు. అంతే, ఛాతీ మీద నంబరు పడింది. అతను లోపలికెళ్ళి సిలిండరు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు గానీ, పరిగెత్తకుండా భద్రం బయటికి పోనివ్వడే. ఇంతలో రాజుగారు సెల్లులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూ లోపలికి వచ్చారు. మాటల సందట్లో ఆయన వీపుకి కూడా భద్రం ఒక నంబరు అంటించేశాడు. ఆయన చూసుకోలేదు.

అటు గంగాధరం దగ్గర వ్యవహారం కాస్త బాగానే మొదలైంది. పట్నం నుంచి పరుగులవాళ్ళు కార్లలో దిగారు. ముందొచ్చినవాళ్ళ దగ్గర తక్కువ, వెనకొచ్చినవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని డబ్బంతా తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. ఇంతలో కోటయ్యని ఒక లారీ డ్రైవరు వచ్చి రుసుమెంతన్నాడు. చెబితే, అన్యాయం, నేను వీళ్ళందరి కంటే ముందే వచ్చానన్నాడు. ఎప్పుడొచ్చావంటే, ఇక్కడ పార్కు లేనప్పుడు, ఉత్త బీడుగా ఉన్నప్పుడు, చిన్నతనంలో గేదెల్ని మేపుకోవడానికి వచ్చానన్నాడు. గంగాధరం దీర్ఘంగా ఆలోచించాడు. పొద్దున్నే వచ్చినవాడికి తక్కువ. నిన్న వచ్చి ఉంటే ఇంకా తక్కువ. ఏడాది కింద వచ్చి ఉంటే ఏమీ ఉండదు. మరి చిన్నతనంలోనే వచ్చినవాడికి ఏమీ లేకపోవడం కంటే తక్కువ ఉండాలి కదా. అంటే మనమే ఇవ్వాలి.

ఇంకేముంది, మూట విప్పి కోటయ్య చేతిలో డబ్బు పెట్టాడు. ఆ కబురు ఊళ్ళోకి ఎంత తొందరగా వెళ్ళిందో చెప్పక్కర్లేదు. ఆ బీట్లో గేదెల్ని మేపినవాళ్ళు, పిడకలేరినవాళ్ళు, గాలిపటాలెగరేసినవాళ్ళు అందరూ వరసకట్టారు. చివరికి జోగమ్మని ఒక ముసలమ్మ వచ్చి, మా అమ్మ పొలానికెళ్తూ నన్ను ఇక్కడే కనేసిందిరా నాయనా అంది. గంగాధరం కళ్ళు చెమర్చాయి. ఇంత ముందుగా వచ్చిన మనిషిని ఇంతసేపు వరసలో నిలబెట్టామని నొచ్చుకుని, మిగిలిన డబ్బంతా తువ్వాలుతో సహా ఆవిడ ఒళ్ళో పెట్టి దణ్ణం పెట్టాడు.

అన్నదమ్ముల సంగతి ఇలా ఉంటే, పాపం వరహాలమ్మ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. ఎంతైనా కొట్టు వస్తుందన్న ఆశ. గీత గియ్యమంటే ఆవిడకి తెలిసిన గీత ఒక్కటే, మెలికల ముగ్గు. చుక్కలు పెట్టింది. జెయింట్ వీలు ఒక చుక్క, కొయ్యగుర్రాలు ఒక చుక్క, గుహ ఒక చుక్క, కొలను ఒక చుక్క. ప్రతి చుక్కనీ చుట్టి, దాటి, మెలితిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చి, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా గీసింది. పైనుంచి చూస్తే అంత అందమైన ముగ్గు జిల్లాలో లేదు. కొసలు రెండూ అతుకు కనపడకుండా కలిపి, నడుం మీద చెయ్యేసుకుని తృప్తిగా చూసుకుంది.

రాజుగారు జెండా ఊపారు. అందరూ బయల్దేరారు. పట్నం కుర్రాడొకడు, పొడుగు కాళ్ళవాడు, అందరికంటే ముందు. జెయింట్ వీలు చుట్టాడు, గుర్రాలు చుట్టాడు, గుహలో దూరి వచ్చాడు, కొలను చుట్టాడు, మళ్ళీ జెయింట్ వీలు దగ్గర తేలాడు. సరే రెండు చుట్లేమో అనుకున్నాడు. మళ్ళీ తిరిగాడు. మూడోసారి కూడా అదే జెయింట్ వీలు. మెలికలు దాటేచోట ఎదురొచ్చేవాళ్ళు, అడ్డొచ్చేవాళ్ళు, తప్పుకునేవాళ్ళు. చాలా ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు తోడల్లుళ్ళు ప్రతి మెలికలోనూ ఎదురుపడీ పడీ, చివరికి సిగ్గుపడి బావున్నావా అంటే బావున్నావా అనుకున్నారు. మల్లేశం సిలిండరుతో రొప్పుతున్నాడు. చివరెక్కడని అందరూ కేకలేస్తుంటే, గీత వదలకండి, గీతే తీసుకెళుతుందని భద్రం ధైర్యం చెబుతున్నాడు.

రాజుగారు కప్పు పట్టుకుని, గెలిచినవాడికి ఇద్దామని పార్కంతా తిరిగారు. గెలిచేచోటు దొరకలేదు. ఆఖరికి వరహాలమ్మని పట్టుకుని ఈ గీతకి ముగింపెక్కడని అడిగారు.

"ముగ్గుకి ముగింపేటండి రాజుగారూ. కొసలు కలపకుండా వదిలేస్తే ఇంటికి అరిష్టమని మా అత్తగారు చెప్పేవారు. అంత పని చేసి మీ పార్కుకి చెడు కోరతానాండి?" అంది ఆవిడ.

రాజుగారికి తల తిరిగిపోయింది. కోపంతో ఊగిపోతూ, నేను ఇంటికి పోతున్నాను, మీ బండి కూడా ఉండదని చెప్పి గేటు వైపు నడిచారు. భద్రం చేతులు అడ్డం పెట్టాడు. నంబరు కట్టినవాళ్ళు పరిగెత్తకుండా బయటికి పోకూడదన్నాడు. నంబరెవడు కట్టించుకున్నాడ్రా అని ఆయన అరిస్తే, మీ వీపు మీద చూసుకోండన్నాడు. వీపు ఎవరికి కనబడుతుంది? ఆయన చూసుకోబోయి గుండ్రంగా తిరుగుతుంటే, వెనకనుంచి వచ్చే గుంపు ఆయన్ని కలుపుకుని లాక్కుపోయింది. అంతే, రాజుగారు కప్పుతో సహా పరుగులో పడ్డారు. వరహాలమ్మ మాత్రం బండి ఉండదన్న మాట విని అక్కడే కూలబడింది. గేటు బయట ఎండైనా వానైనా తనదంటూ ఉన్నది ఆ బండి ఒక్కటే. ఆవిడ గుడ్ల నీళ్ళు కుక్కుకుంది.

ఇదంతా చూడ్డానికి జోగమ్మ డబ్బు మూటతో కొలను గట్టుకి వచ్చింది. కాళ్ళు నొప్పెట్టి, ముగ్గు మీదే చతికిలబడి ఆకూ వక్కా వేసుకుంది. కాసేపటికి లేచి చీర దులుపుకుని పక్కకి వెళ్ళింది. ఆవిడ కూర్చున్నంత మేర గీత చెరిగిపోయింది. పొడుగు కాళ్ళవాడు అక్కడికి వచ్చి చూస్తే గీత లేదు. గీత వదలకూడదు, కానీ గీతే వదిలేసింది. ఠక్కున ఆగాడు. వెనకాలున్నవాడు ఆగలేదు. వాడి వెనకాలున్నవాడూ ఆగలేదు. పాలబ్బాయి, మీటరాయన, తోడల్లుళ్ళు, మల్లేశం, సిలిండరు, రాజుగారు, కప్పు, అందరూ ఒకరి మీద ఒకరు కొలనులో పడ్డారు.

ఆ మండుటెండలో, అంత పరుగు తర్వాత, చల్లటి నీళ్ళు. పొడుగు కాళ్ళవాడు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఖాళీ సిలిండరు నీళ్ళ మీద తేలుతుంటే దాన్ని పట్టుకుని పట్నం వాళ్ళు ఆడుకున్నారు. ఇంత మంచి ముగింపు ఎక్కడా చూడలేదని, దీన్ని ఇంత రహస్యంగా దాచినందుకు మెచ్చుకోవాలని రాజుగారి చెయ్యి పట్టుకుని ఊపారు. నీళ్ళలోంచి లేచేసరికి ఆకలి. వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని మూకుడు పెట్టింది. తడి బట్టలతోనే నిలబడి పిండి అయిపోయేదాకా తిన్నారు. మళ్ళీ పందెం ఎప్పుడో చెప్పండి, పెళ్ళాం పిల్లల్ని తీసుకొస్తామని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

రాజుగారి మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. రుసుము డబ్బు ఏమైందో అడిగే ఓపిక కూడా ఆయనకి లేదు. జనం సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారన్నది మాత్రం కళ్ళారా చూశారు. మాట మీద నిలబడే మనిషి.

"కొట్టు మీదేనమ్మా. రేపు పొద్దున్న నుంచి లోపలే అమ్ముకోండి. గేటు బయట మీ ముగ్గురిలో ఒక్కరు నా కంటపడినా ఊరుకోను" అన్నారు.

వరహాలమ్మ ఏడ్చేసింది. మూకుడు తీసుకెళ్ళి ఆ కొట్టులో పెట్టి, పొయ్యిని ఒకసారి ముట్టుకుని, మరుసటి రోజుకి పప్పు నానబెట్టాలని ఇంటికి వచ్చింది. పప్పు నానబెట్టాక ముగ్గురూ మంచం మీద చేరారు. అప్పుడు గంగాధరం ముఖం మాడిపోయింది. మనమిప్పుడు గేటుకి బయట ఉన్నామన్నాడు. లోపలికి వెళ్ళాలంటే ముందు బయట నిలబడాలి. నిలబడితే రాజుగారి కంటపడతారు. పడితే కొట్టు పోతుంది. ఎటు నుంచి చూసినా దారి లేదు. చాలాసేపటికి భద్రం, మనం గేటు లోపలికి వెళ్ళడం కుదరదు కాబట్టి గేటే మనకి అవతలికి రావాలన్నాడు. మంచం ఫెళ్ళున తెగింది. అంత గొప్ప ఆలోచన ఆ ఇంట్లో అదివరకెన్నడూ రాలేదు.

మర్నాడు ఉదయం పార్కు కాపలావాడు టీకి వెళ్ళిన సందు చూసి, ఎవరి కంటా పడకుండా ముగ్గురూ గోనెసంచులు కప్పుకుని వెళ్ళి, గేటు ఊడబెరికి పుణుకుల బండి మీద వేసుకొచ్చారు. తమ ఇల్లు దాటించి, పట్నం నుంచి వచ్చే రోడ్డు మీద అడ్డంగా నిలబెట్టారు. ఇప్పుడు ఇల్లు లోపలే, వీధి లోపలే, కొట్టు ఎలాగూ లోపలే. వరహాలమ్మ రుబ్బిన పిండి నెత్తిన పెట్టుకుని, వీధి మధ్యనుంచి దర్జాగా తన కొట్టుకి వెళ్ళిపోయింది.

రాజుగారి కారు వచ్చి తన గేటు ముందే ఆగింది. ఆయన దిగి గేటుని చూశారు, అటూ ఇటూ ఉన్న వరిచేలని చూశారు, ఊచల వెనక కుర్చీ వేసుకుని కూర్చున్న భద్రాన్ని చూశారు. ఇదేమిట్రా అన్నారు.

"మేం బయట లేమండి. మీరే ఉన్నారు. టిక్కెట్టు తీసుకుని లోపలికి రండి, వదిన వేడివేడిగా వేస్తోంది" అన్నాడు భద్రం.

రాజుగారు గేటు పక్కనుంచి చేలో అడుగు పెట్టబోయారు. భద్రం నొచ్చుకున్నాడు.

"అటు రాకూడదండి, అక్కడ గోడ ఉండాలి. కాస్త ఓపిక పట్టండి, అన్నయ్య దాన్ని తేవడానికే వెళ్ళాడు."

పార్కు వైపునుంచి గునపం చప్పుడు వినబడుతోంది.