ఏకించని పరుపు

"దూదేకుల హుస్సేనప్ప నమాజు సంగతి నేను మాట్లాడను. అది ఆయనకూ అల్లాకూ మధ్యనున్న విషయం. తక్కినది ఏదైనా అడుగు" అన్నారు గురువు బురానుద్దీన్.

శిష్యుడు జియావుద్దీన్ అడగదలచింది సరిగ్గా అదే.

పొరుగూరి హుస్సేనప్ప తొంభై ఒకటో ఏట కన్నుమూశాడు. ఆనాడు నలభయ్యో దినం. మధ్యాహ్నం ఫాతిహా ప్రార్థన ముగిశాక దర్గా ముంగిట ఆయనను తలచుకుని నాలుగు మాటలు చెప్పవలసినవాడు జియావుద్దీన్. ఫారసీ చదివినవాడు, మాటకారి అని చుట్టుపక్కల పేరున్నవాడు. ఆ పేరు నిలవాలంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. మూడు రోజులుగా వెదుకుతున్నా దొరకలేదు. ఆ మనిషి డెబ్బై ఏళ్లు ఉండ కట్టిన దూదిని ఏకి మెత్తబరిచాడు, పరుపులు కుట్టాడు, ఏడుగురు పిల్లలను పెంచి పెళ్లిళ్లు చేశాడు. హజ్ యాత్రకు పోలేదు. ప్రతి శుక్రవారం ఉపన్యాసానికి వచ్చేవాడు గాని, వచ్చిన ప్రతిసారీ గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు.

"ఎత్తి చెప్పదగినది ఆయనలో ఏముంది హజ్రత్?"

"రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదటగా, నాయనా" అన్నారు గురువు.

జియావుద్దీన్ ముఖం చిన్నబోయింది. ఏటా వెళ్లినట్టే ఈ ఏడూ, హుస్సేనప్ప పోయిన కొద్ది రోజులకు, దూరపు దర్గా ఉరుసుకు వెళ్లి, వారం తరువాత తిరిగి వచ్చాడు. వచ్చిన నాటి నుంచి పరుపులో దూది ఉండలు కట్టి వీపును పొడుస్తోంది. ఆ మాట పైకి చెప్పుకోలేడు. పదహారేళ్లుగా తనది ఒకటే పరుపు అనీ, దానిని ఒక్కసారైనా ఏకించలేదనీ, కోరిక లేని దేహం కింద దూది కూడా ఉండ కట్టదనీ అతడు ఎన్ని ఉపన్యాసాలలో చెప్పాడో లెక్క లేదు.

గురువు లేచి వెళ్లి ఆ పరుపును తామే మోసుకొచ్చి ఎండలో పరిచారు. కత్తెరతో అంచు కుట్టు కొంచెం విప్పి, గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. ఇప్పటి కుట్టు పక్కన పాత కుట్ల సూది రంధ్రాలు, వరుస వెనుక వరుసగా, అంచు పొడవునా కనిపించాయి.

"దీన్ని ఇన్నిసార్లు విప్పి కుట్టినదెవరు?" అన్నాడు జియావుద్దీన్.

వంటకు బియ్యం ఏరుతున్న ముసలామె చేట పక్కన పెట్టి నవ్వింది. ఆమె హుస్సేనప్ప భార్య ఫకీరమ్మ.

"ఇంకెవరు సామీ! నువ్వు ఉరుసుకు పోయినప్పుడంతా మా ఆయన బండి మింద ఇంటికి ఎత్తుకొస్తాండె. ఏకి, కుట్టి, నువ్వు తిరిగొచ్చేలోగా పరిచిపోతాండె. తెలిస్తే సామి వద్దంటాడు, వద్దంటే సామికి నడుము పట్టుకుంటాది అంటాండె."

జియావుద్దీన్ ఆ సూది రంధ్రాలను వేలితో తడిమాడు. తరువాత మెల్లగా అడిగాడు, "నేను ఈ పరుపును గురించి చెబుతుంటే ఆయనకు నవ్వు రాలేదా అమ్మా?"

"రాకేం? వస్తాదనే గోడకానుకొని కండ్లు మూసుకుంటాండె. ఇంటికొచ్చినాక నవ్వుతాండె."

గురువు నవ్వు దాచుకోవడానికి గడ్డం నిమురుకున్నారు.

ఫాతిహా ముగిసింది. జియావుద్దీన్ లేచి, జరిగినదంతా తన నోటితోనే చెప్పాడు. ముందుగా నవ్వినవారు హుస్సేనప్ప కొడుకులు. ఆపైన ముంగిలి అంతా నవ్వింది. తమ ఇంటి పరుపుల కథలు ఒకరి తరువాత ఒకరు చెప్పసాగారు. అటువంటి నలభయ్యో దినాన్ని ఆ దర్గా అంతకుముందు ఎరుగదు.

చివరి మాట ఫారసీలో చెబుదామని జియావుద్దీన్ తన పుస్తకం తెరిచాడు. పుట గుర్తుకని పెట్టిన కార్డు ఒకటి జారి పడింది. రెండేళ్ల కిందట టపాలో వచ్చినది. దూదేకులవాడు పని కోసం రాసుకున్నాడనుకుని, మొదటి వాక్యం దగ్గరే ఆపి పుస్తకంలో పెట్టాడు. జవాబు రాయలేదు.

ఫారసీ మానేసి, ఆ కార్డును అందరికీ వినబడేలా చదివాడు.

"సామి గారికి దూదేకుల హుస్సేనప్ప సలాములు. పరుపు గుడ్డ పలచబడితే కొత్తది వేయించుకోవడం మంచిది. మీకు గీతల గుడ్డ ఇష్టమా, పువ్వుల గుడ్డ ఇష్టమా? అడగకుండా ఒకరి గుడ్డ మార్చడం మా పనిలో మర్యాద కాదు. మీ జవాబు అందేవరకు పాతదే ఉండనిస్తాను."