రాహేలమ్మ కంచంలో ముద్ద

మూతి అలా ముడుచుకోకు చిట్టీ. కంచంలో ముద్ద వదిలేశావని మీ అమ్మ కోప్పడింది, అంతేగా. అమ్మ కోప్పడ్డం న్యాయమే. కానీ "అమ్మమ్మ కూడా రోజూ ఒక ముద్ద మిగులుస్తుందిగా, ఆమెనెందుకు అనవు?" అని అడిగావు చూడు, దానికొక కథ ఉంది. ఇలా దగ్గరికి జరుగు. ఏడుపొచ్చే కథ, ముందే చెబుతున్నా.

అనగనగా మన కందుకూరు పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో జక్కరయ్య అనే ఉపదేశి, ఆయన భార్య రాహేలమ్మ ఉండేవాళ్ళు. ఉపదేశి అంటే ఇంటింటికీ తిరిగి దేవుడి వాక్యం చెప్పే మనిషి. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. పిల్లలు కలగలేదు. ఆయనకి పాటలంటే ప్రాణం, ఆవిడకి ఆయనంటే ప్రాణం.

ఆ పల్లెలో ఆడవాళ్ళు పూటపూటా అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. అది దేవుడి బియ్యం. ఆదివారం ప్రార్థన మందిరానికి తెచ్చి కుమ్మరించేవాళ్ళు. తాము అరకడుపుతో లేచినా సరే, ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు. అలా కూడబెట్టిన బియ్యం అమ్మి, ఆ సంఘం వాళ్ళు ఈ ముసలి జంటని సముద్రం అవతల మంచుకొండల దేశానికి పంపించారు, అక్కడ కూడా వాక్యం చెప్పి రమ్మని.

బయల్దేరే రోజున సంఘంలో అందరికంటే పెద్దావిడ రాహేలమ్మ గడ్డం పట్టుకుంది.

"నోటి దగ్గర ముద్ద తీసి పంపిస్తన్నాం అమ్మాయ్. యాడ తిన్నా ఒక్క మెతుకు పారేయమాక."

రాహేలమ్మ తలూపింది. ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకుంది.

అప్పుడు వాళ్ళు ఓడ ఎక్కారు. ఆ తర్వాత రైలు ఎక్కారు. ఆ తర్వాత కంచరగాడిదలెక్కి కొండ మీదికి చేరారు. ఎటు చూసినా తెల్లటి మంచే. మన ఎండలో పుట్టిన ప్రాణాలు, ఆ చలికి వాళ్ళ పెదాలు పగిలి నెత్తురొచ్చేది. రాళ్ళతో కట్టిన ఒంటిగది వాళ్ళ కాపురం.

పొద్దున్నే జక్కరయ్య బిందెలో గడ్డకట్టిన నీళ్ళని కర్రతో పగలగొట్టేవాడు. రాహేలమ్మ జావ కాచేది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని పాట పాడుకునేవాళ్ళు. అప్పుడు ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, ఆ దేశపు భాషలో నేర్చుకున్న నాలుగు ముక్కలు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరేవాళ్ళు. సాయంత్రం కాళ్ళు కాచుకుంటూ, "రేపు ఎవరో ఒకరు వస్తార్లే" అనేవాడు జక్కరయ్య. రోజూ అదే మాట. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. రాహేలమ్మకి మాత్రం పెద్ద ఆశలేమీ లేవు. ఈ ఊళ్ళో ఒక్క మనిషి తనని దగ్గరికి తీసుకుంటే చాలనుకునేది.

మొదటి ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటాయన కుక్కని వదిలాడు. రెండో ఇంటికి వెళ్ళారు. కిటికీ టప్పున మూసేశారు. ఆ తర్వాత మూడో ఇంటికి వెళ్ళారు. ఆ ఇంట్లో బెల్కా అనే ముసలామె, తల్లీతండ్రీ లేని మనవరాలు ఇలి, పొయ్యి పక్కన కట్టేసిన ఒక పాడి మేక. అంతే సంసారం. బెల్కా తలుపు తీసి, రాహేలమ్మ చల్లటి చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. రాహేలమ్మకి ఏడుపు ఆగలేదు.

బెల్కా బార్లీ సంకటి పెట్టింది. వీళ్ళు మెతుకు మిగలకుండా, కంచం కడిగినట్టు తిన్నారు. బెల్కా ఆ కంచాలకేసి చూసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిన్నారు. మళ్ళీ పెట్టింది. పాపం జక్కరయ్యకి ఊపిరి ఆడటం లేదు, అయినా వదలకూడదు కదా! "మన వాళ్ళలాగే కొసరి కొసరి పెడతంది రాహేలూ" అని మురిసిపోయాడు.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఉడకేసిన ఆలుగడ్డలు. వీళ్ళు తినడం, ఆమె పెట్టడం. గంప అడుగు కనపడేదాకా ఇదే వరస.

ఆ పై ఆదివారం మాంసం కూర పెట్టింది. ఎంత ప్రేమ అనుకుని రాహేలమ్మ వేళ్ళు కూడా నాకేసింది. మేకని కట్టేసే గుంజ దగ్గర ఉత్త తాడు పడి ఉంది. ఆ సంగతి ఆవిడ గమనించలేదు.

లేచి వెళ్ళబోతుంటే ఇలి గుమ్మానికి అడ్డం నిలబడింది. నీ అంత ఉంటుందేమో.

"మీకింకా ఆకలిగానే ఉందా?" అని అడిగింది. "మా మేక కూడా అయిపోయింది."

బెల్కా గబగబా దాని నోరు మూయబోయింది. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "ఏందమ్మా అంటన్నావు?" అంది.

"కడుపు నిండితే ఒక ముద్ద వదిలేస్తారుగా. మీరెప్పుడూ వదల్లేదు."

అదీ ఆ దేశపు ఆనవాయితీ. ఖాళీ కంచమంటే ఇంకా ఆకలని అర్థం. ఆకలన్న అతిథికి లేదనకూడదు. మెతుకు పారేయకూడదని వీళ్ళు తిన్నారు, లేదనకూడదని ఆమె పెట్టింది. ఎవరి మర్యాద వాళ్ళు చేసుకున్నారు తల్లీ, మధ్యలో ఆ పిల్ల చలికాలపు తిండి అయిపోయింది. రాహేలమ్మ సిగ్గుతో తలెత్తలేకపోయింది.

మర్నాడే వాళ్ళు తమ పిండిబస్తా మోసుకుని వెళ్ళారు. బెల్కా పుచ్చుకోలేదు. అతిథికి పెట్టింది వెనక్కి తీసుకోవడం అక్కడ చావుతో సమానమట. అప్పుడు పెద్ద మంచు పడింది. కొండదారి మూసుకుపోయింది. సరుకులు తెచ్చే కంచరగాడిదలు రావడం మానేశాయి. ఇలి బుగ్గలు లోపలికి పోయాయి. వాక్యం సంగతి రాహేలమ్మ మర్చేపోయింది. ఈ పిల్ల బతకాలి, అదొక్కటే ఆవిడ ప్రార్థన.

ఆలోచించి ఆలోచించి, "మన తిండి వాళ్ళింటికి పోకూడదు. వాళ్ళే మనింటికి చుట్టాలుగా వస్తే?" అంది.

జక్కరయ్య ముఖం వెలిగిపోయింది. వెళ్ళి పిలుచుకొచ్చాడు. అతిథులకి పెడితే కాదనడానికి లేదుగా! బెల్కా పౌరుషం గల మనిషి, మొదటి వడ్డనకే ముద్ద వదిలేసేది. ఇలి కంచం మాత్రం ఖాళీ. రాహేలమ్మ మళ్ళీ పెట్టేది. మళ్ళీ ఖాళీ. మళ్ళీ పెట్టేది. అలా రోజూ మధ్యాహ్నం వాళ్ళని పిలవడం, పెట్టడం. ఇద్దరి కోసం తెచ్చుకున్న పిండి నలుగురికి. బస్తా రోజురోజుకీ కుంగిపోతోంది.

అప్పుడు జక్కరయ్య కూడా కంచంలో ముద్ద వదలడం మొదలుపెట్టాడు. పొట్ట నిమురుకుని, "నాకు నిండిందమ్మా" అని ఆ ముద్ద ఇలి కంచంలో వేసేవాడు. మొదట్లో చిన్న ముద్ద. ఆ తర్వాత పెద్ద ముద్ద. ఆ తర్వాత సగం కంచం. పెద్దతనం కదా, ఆకలి తగ్గిందేమో అనుకుంది రాహేలమ్మ.

ఒకరోజు ఆవిడ నీళ్ళు తెచ్చి లోపలికొచ్చేసరికి, ఆయన ఇటు వీపు పెట్టి నిలబడి కండువా పొట్ట చుట్టూ బిగించి కట్టుకుంటున్నాడు. పక్కన సగం తాగిన ఉడుకునీళ్ళ చెంబు.

"నా దగ్గర కూడా దాపరికమేనా అయ్యా?" అంది రాహేలమ్మ.

ఆయన దొంగలా నవ్వాడు. "మన ఊళ్ళో ఆడోళ్ళు చేసే పనే గదా రాహేలూ. పిడికెడు తీసి పక్కన పెడతన్నా."

ఆవిడ కోప్పడింది, ఏడ్చింది, బతిమాలింది. తన కంచంలోది తీసి ఆయనకి పెట్టింది. ఆయన తిన్నట్టే తిని, మళ్ళీ వదిలాడు. మొండి మనిషి. ఆ మొండితనమే ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళింది మరి.

మంచు కరగడానికి ముందే ఆయనకి దగ్గు పట్టింది. ఒక పొద్దున బిందెలో మంచు పగిలిన చప్పుడు వినపడలేదు. రాహేలమ్మ పిలిచింది. తట్టి లేపింది. ఆ తర్వాత ఆయన పక్కనే కూర్చుండిపోయింది.

నేల గడ్డకట్టి గునపం దిగలేదు. బెల్కా తన పొయ్యిలోని కట్టెలన్నీ తెచ్చి ఆ చోట మంట వేసింది. నేల మెత్తబడ్డాక తవ్వారు. కుక్కని వదిలినాయన వచ్చాడు. కిటికీ మూసినవాళ్ళూ వచ్చారు. రోజూ ఇద్దరు పాడే పాట ఆ రోజు రాహేలమ్మ ఒక్కతే పాడింది. ఇలి బామ్మ కొంగు పట్టుకుని నిలబడింది. ఇలి బతికింది చిట్టీ. అది మాత్రం నిజం.

దారి తెరుచుకున్నాక రాహేలమ్మ ఒంటరిగా మన పల్లెకి తిరిగొచ్చింది. మందిరంలో అందరికీ భోజనాలు పెట్టారు. పాస్టరుగారు లేచి, "అక్కడ ఎంతమంది నమ్ముకున్నారమ్మా?" అని అడిగారు.

"ఎవరూ నమ్మలేదయ్యా" అంది ఆవిడ.

అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ తిని, కంచంలో ఒక ముద్ద వదిలి, చెయ్యి తీసేసింది. ఆ పెద్దావిడ చూసి భగ్గుమంది.

"మా పిడికిళ్ళ బియ్యం అది. ఆ మాత్రం గుర్తు లేదా?"

"గుర్తుంది పెద్దమ్మా," అంది రాహేలమ్మ. "ఇది నేను వదిలింది కాదు. ఆయన వంతు."

అని, ఆ ముద్ద తీసి, పక్కన కూర్చున్న చిన్నపిల్ల కంచంలో పెట్టింది. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు, తినేసింది. ఆ పిల్ల ఎవరనుకున్నావు? నేనే.

నువ్వు ముద్ద వదిలింది వంకాయ కూర నచ్చక. అందుకే అమ్మ కోప్పడింది. మరి నేను వదిలేది ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశావా? రోజూ చివర్న, నువ్వు చాలు అంటున్నా వినకుండా నీ నోట్లో పెడతానే, అదే. ఏడవకు. కళ్ళు తుడుచుకుని కళ్ళు మూసుకో.

కథేమో కదిలింది కంచికి,
ముద్దేమో మిగిలింది కంచానికి,
చిట్టేమో చేరింది మంచానికి,
దీపం ఆర్పేసి మనమిక నిద్దరకి.