ఎదురింటి గోడ

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు మార్కండేయులు గారికి లేదు. తెనాలిలో ఆయన అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ ఆ సంగతి అనుభవమే. అడిగినవాడు ఆత్రంగా చూస్తుంటే, ఆయన కాఫీ ఏమైందని వంటింట్లోకి కేకేసేవారు. స్పెయిన్ దేశంలో ఉద్యోగం చేసుకుంటున్న శిష్యుడు వేదాద్రి, ముచ్చటపడి గురువుగారిని కొన్నాళ్ళకని రప్పించుకున్నాడు. సముద్రం దాటినా ఆ అలవాటు మాత్రం మారలేదు.

ఆ రోజు ఇద్దరూ కారులో ఒక పాత కొండ ఊరు చూడడానికి బయల్దేరారు. కింద మధ్యధరా సముద్రం, కొండ నెత్తిన ఏనాటిదో పాడుబడ్డ కోట, మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు. దారిలో వేదాద్రి తన మనసులో గుచ్చుకుంటున్న ముల్లు బయటపెట్టాడు. తెనాలిలో ఉంటున్న మేనత్త కొడుకు పానకాలుతో అతనికి కొన్నేళ్ళుగా మాటల్లేవు. పానకాలు తన కూతురి పెళ్ళికి నోరారా పిలవకుండా శుభలేఖ పోస్టులో పడేసి ఊరుకున్నాడని వేదాద్రి కోపం. పిలుద్దామని ఫోన్ చేస్తే ఎత్తలేదని, పెళ్ళికి రాకుండా పదిమందిలో తన తల తీసేశాడని పానకాలు కోపం. చిన్నప్పుడు ఒకే సైకిలు మీద బడికి వెళ్ళిన బావా బావమరుదులు వాళ్ళు. ఇప్పుడు పానకాలుకి గుండె ఆపరేషన్ అని కబురొచ్చింది, అదీ ఎల్లుండే. ఫోన్ చేయాలని వేదాద్రి ప్రాణం కొట్టుకుంటోంది గానీ చెయ్యి రావడం లేదు.

"తప్పెవరిదో తేలకుండా మాట కలిపితే అది నటనే కదా గురువుగారూ?" అని అడిగాడు.

ఆ ఊళ్ళో మంచి కాఫీ దొరుకుతుందా అని అడిగారు మార్కండేయులు గారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఊరంతా పండగ హడావుడిలో ఉంది. మరియమ్మ తల్లి ఊరేగింపు దగ్గర పడిందని సందు సందునా జనం బకెట్లు, బ్రష్షులు పట్టుకుని గోడలకు సున్నం కొడుతున్నారు. ఒకచోట పాట, ఒకచోట పరాచికాలు. ఎండకు ఆ తెలుపు చూస్తుంటే కళ్ళు జిగేల్మంటున్నాయి, ఎందుకో తెలియని సంతోషం కలుగుతోంది. ఆ ఊరి ఆచారం ఒకటి చిత్రమైనది. ఎవరి గోడకు వాళ్ళు సున్నం కొట్టుకోరు, ఎదురింటి గోడకు కొడతారు. రోజూ కిటికీ తీస్తే కనబడేది అదే కదా అంటారు.

ఒక ఇరుకు సందులో ఇద్దరు ముసలమ్మలు వీపులు తిప్పుకుని పనిచేస్తున్నారు. వాళ్ళ పేర్లు రోసారియో, పాకా. రోసారియో ఇంటికి పాకా కొడుతోంది, పాకా ఇంటికి రోసారియో. వాళ్ళిద్దరికీ ఏనాడో చెడింది. తన పాటల పిట్టను పాకా పిల్లి తినేసిందని రోసారియో అంటుంది. పంజరం తలుపు ఆవిడే వేయలేదని, పిట్ట దాని దోవన అది ఎగిరిపోయిందని పాకా అంటుంది. ఈ కథను ఇద్దరూ ఎవరికి వారే, అడగకపోయినా, స్పానిష్ వచ్చిన వేదాద్రికి చెప్పేశారు. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోరు.

మార్కండేయులు గారు పంచె ఎగ్గట్టి, ఒక బ్రష్షు అందుకుని పాకా పక్కన చేరారు. గురువు పని చేస్తుంటే శిష్యుడు చేతులు కట్టుకుని నిలబడలేడు కదా. వేదాద్రికి చిన్నప్పుడు ఇంట్లో పండగ ముందు చేసిన పని గుర్తొచ్చింది. పాత సున్నం శుభ్రంగా గీకి పారేస్తే గాని కొత్తది పట్టదని వాళ్ళ నాన్న దగ్గరుండి గీకించేవాడు. అక్కడ పడున్న తాపీ తీసుకుని రోసారియో గోడను శ్రద్ధగా గీకడం మొదలుపెట్టాడు. ఒక పొర కింద ఇంకో పొర వచ్చింది. అసలు గోడ ఎక్కడుందో చూద్దామని ఇంకాస్త గట్టిగా పొడిచాడు. కంచమంత పెచ్చు ఊడి కాళ్ళ మీద పడింది. వెనక నుంచి మట్టి జలజలా రాలసాగింది.

ముసలమ్మలిద్దరూ ఒక్కసారే అతని మీద విరుచుకుపడ్డారు.

"నీకు గీకమని ఎవరు చెప్పారయ్యా?" అంది పాకా.

"లోపలున్నది మట్టే. మా ముత్తవ్వల నాటి నుంచీ వేసిన పూతలే ఆ గోడను నిలబెట్టాయి" అంది రోసారియో.

ఆ తర్వాత అతన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. పాకా అరచేత్తో కన్నం మూసి పట్టుకుంది. రోసారియో తడి సున్నం కలిపి తెచ్చింది. పలచనైందని ఆవిడా, నీకేం తెలుసని ఈవిడా, ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ కన్నం పూడ్చారు. వేదాద్రి ఉండబట్టలేక, అయితే పిట్ట విషయంలో తప్పెవరిదని తేలిందని రోసారియోను మెల్లిగా అడిగాడు.

"పాకాదే. అందులో అనుమానమేముంది?" అంది ఆవిడ, పాకా చేతిలోని బకెట్లో నీళ్ళు పోస్తూ. పాకా అది విని ఫక్కున నవ్వింది. కాసేపటికి రోసారియో కూడా నవ్వింది. గడ్డానికి సున్నం అంటిన మార్కండేయులు గారు, భాష ఒక్క ముక్క తెలియకపోయినా, అందరికంటే గట్టిగా నవ్వారు.

పని అయ్యాక పాకా వాళ్ళకు కాఫీ ఇచ్చింది. గురువు, శిష్యుడు కోట గోడ దగ్గర సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. తెనాలిలో అప్పటికి రాత్రి అయ్యుంటుంది. వేదాద్రి కింద తెల్లటి సందుల వైపు ఒకసారి చూశాడు. ఫోన్ తీసి పానకాలు నంబరు నొక్కాడు. అవతల గంట మోగుతుంటే అతనికి కంగారు పుట్టింది. మొదటి మాట ఏమనాలి గురువుగారూ అని గొంతు తగ్గించి అడిగాడు.

ఈసారి మార్కండేయులు గారు వెంటనే జవాబు చెప్పారు.

"భోంచేశావా బావా, అను."