తల వైద్యుడిది, చిక్కెవరిది?

ఒక రాజ్యంలో చిక్కు తీసే ఆవిడ ఉండేది. జుట్టు చిక్కుపడ్డవాళ్లు వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంటే, వెనక కూర్చుని దువ్వేది. ఎదురుగా మనిషి మొహం లేకపోయేసరికి వాళ్లు కడుపులో ఉన్నదంతా గోడకి చెప్పుకునేవారు. ఆమె "ఊఁ" అనేది, అంతే. వెళ్లేటప్పుడు తల తేలికైందనేవారు.

ఆస్థాన వైద్యుడికి ఇది మింగుడుపడలేదు. అసూయ లేకపోలేదు గానీ, ఆయన కోపంలో న్యాయమూ ఉంది. తలపోటని వచ్చిన ఒక కుమ్మరిని ఆమె నెలల తరబడి దువ్వుతూ, వాళ్ల అత్తగారి ఆగడాలన్నీ వింది. తీరా చూస్తే చెవిలో కురుపు. పాపం, ఆ అత్తగారి తప్పేమీ లేదు. వైద్యుడు కత్తి పెట్టబట్టి మనిషి దక్కాడు.

"శరీరం తెలియనివాళ్లు తల ముట్టుకోకూడదు ప్రభూ. తల వైద్యుడిది" అన్నాడాయన సభలో.

"తల మీదేనయ్యా. చిక్కు కూడా మీదేనా?" అందామె.

జుట్టు శరీరంలో భాగమా కాదా అని మంత్రులు వాదించుకున్నారు. బట్టతల మంత్రికి ఇందులో నోరెత్తే హక్కుందా అన్న దగ్గర సభ రసాభాస అయింది. విసుగెత్తిన రాజు తీర్పు చెప్పేశాడు. ఆమె వైద్యుడి దగ్గర శాస్త్రం నేర్చుకోవాలి. ఆయన సరేననేలోగా ఇంకొకరి తలలో దువ్వెన పెడితే రాజ్యం విడిచిపోవాలి.

ఆమె బుద్ధిగా నేర్చుకుంది. ఈలోగా చిక్కులవాళ్లు వైద్యుడి మీద పడ్డారు. ఆయన వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి నాలుక చాపమనేవాడు. నాలుక చాపినవాడు ఏం మాట్లాడతాడు? మందు పుచ్చుకుని, చిక్కుతోనే ఇంటికి పోయేవాడు.

ఆ వైద్యుడు భార్య పోయిన రోజు నుంచీ తన సిగ విప్పలేదు. అడిగితే తీరిక లేదనేవాడు. ఒక మధ్యాహ్నం చెవి గురించి పాఠం చెబుతూ, సిగకి చెయ్యి తగిలి అబ్బా అన్నాడు.

"అటు తిరగండయ్యా" అందామె.

పాఠమే కదా అని తిరిగాడు. ఆమె ముందు రెండు చెవులూ చూసింది, వెనక ఎముక తడిమింది, ఒళ్లు కాలుతోందేమో చూసింది. "ఇక్కడ మీ శాస్త్రానికి పనిలేదు. ఇది చిక్కే" అని దువ్వెన తీసింది. ఆయన వద్దనలేదు.

చాలాసేపటికి గోడతో అన్నాడు: "పోయే రోజు కాసేపు పక్కన కూర్చోమంది. నేను మందు నూరుతూ ఉండిపోయాను."

ఆమె "ఊఁ" అంది. అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు సభలో అందరి కళ్లూ నున్నగా దువ్విన ఆయన తలమీదే. ఎవరు దువ్వారని రాజు అడిగాడు. పేరు చెబితే ఆమెకి ఈ రాజ్యంలో నూకలు చెల్లినట్టే. అబద్ధమాడితే, గోడకి చెప్పిన నిజం మళ్లీ చిక్కుపడుతుంది.

"ఈవిడే ప్రభూ. నేను సరేననలేదు. కానీ తలొగ్గి కూర్చున్నది నేనే. పొమ్మంటే ఇద్దర్నీ పొమ్మనండి."

రాజు ఆయన తలవంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆమెని ఉండమని, సభ ఖాళీ చేయించాడు. వైద్యుడు వెళ్లబోతే, గుమ్మం దగ్గరే ఉండమన్నాడు. పట్టాభిషేకం నాటి నుంచీ ఎవరూ చూడని పని అప్పుడు చేశాడు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ముందు చెవులు చూస్తావా?" అన్నాడు.