పట్టుచీర తొడుగు

ప్రశ్న అడిగినవాళ్ళకు కామేశ్వరమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. చేతికి ఏదో ఒక పని అందిస్తారు. చిక్కుడుకాయల ఈనెలు తియ్యమంటారు, ఒత్తులు చెయ్యమంటారు. పని అయ్యేలోపు జవాబు దొరికిందా, సరే. దొరక్కపోతే ఆ ప్రశ్న ఆవిడ మళ్ళీ ఎత్తరు. కాకినాడలో, లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆవిడ ఇల్లు. ముందుగదిలో కూర్చుని ఉపనిషత్తు పాఠం వినే ఆడవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. హైమావతికీ తెలుసు. తెలిసినా, ఆ రోజు ఆమెకు జవాబు తప్ప మరేమీ అక్కర్లేకపోయింది.

హైమావతి కూతురు ప్రణవి ఎండలు మొదలైన రోజుల్లో ప్రాణం తీసుకోబోయింది. ఆసుపత్రిలో బతికించి పంపారు. ఎందుకలా చేసిందో పిల్ల చెప్పలేదు. అడిగి అడిగి తల్లి అలిసిపోయింది. పిల్లను ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ హైమావతి పాఠానికి రావడం మానేసింది. ఇవాళ చెల్లెలు వచ్చి పిల్ల దగ్గర కూర్చుంటే, పాఠం లేని పూట చూసుకుని ఒక్కతే వచ్చింది.

"అన్నీ చేశానమ్మగారూ," అంది చెప్పులు విడుస్తూనే. "గది గడియ పీకించేశాను. కిటికీ రెక్కలకి మేకులు కొట్టించాను. ఫోను లాగేసుకున్నాను. స్నేహితురాళ్ళని గడప తొక్కనివ్వడం లేదు. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడుతున్నాను. అయినా పిల్ల రోజురోజుకీ ఆరిపోతోంది. మధ్యలో కొన్నాళ్ళు మా చెల్లెలింట్లో ఉంచితే అన్నం తిందట, మాట్లాడిందట, ఒకసారి నవ్వింది కూడానట. నా దగ్గరికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకా ఏం మూయాలండీ నేను?"

కామేశ్వరమ్మగారు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశారు. చూపు బాగా మందగించిన కళ్ళు. ఏం కనిపించిందో తెలియదు.

"డాక్టరు వేటికి తాళం వెయ్యమన్నాడు?"

"మందులకండీ. పదునైన సామాను కూడా."

"ఆ తాళం తియ్యకు. ఇంకేమన్నాడు?"

"ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలన్నారు. తీసుకెళ్ళి చూపిస్తూ ఉండమన్నారు."

"ఉండు. చూపించు. మిగతాదానికి నా దగ్గర జవాబు లేదు. ఈ కంప్యూటర్ మళ్ళీ చచ్చింది, కాస్త చూసిపెట్టు."

హైమావతి లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పిన పని కాదనలేదు. కొంగు బిగించి బల్ల దగ్గరికి నడిచింది.

పుస్తకంలో అక్షరాలు ఆనకపోయినప్పటి నుంచీ కామేశ్వరమ్మగారు పాఠం ఆ తెరమీద పెద్దపెద్ద అక్షరాల్లో చదువుకుని చెబుతారు. అది లేకపోతే పాఠం లేదు. రోడ్డు దుమ్ము తెర పక్కనుండే కంప్యూటర్ పెట్టెలోకి పోతోందని, కిందటి దసరాకు ఆయుధపూజ చేసి బొట్టు పెట్టాక, హైమావతే దానికి తొడుగు కుట్టి తెచ్చింది. తన ధర్మవరం పట్టుచీర కత్తిరించి, పత్తిగుడ్డ లోపలివైపు వేసి కుట్టింది. పెట్టె వెనక సన్నటి చిల్లులున్నాయి. దుమ్ము దూరేది అక్కణ్ణుంచేనని ఆ వైపు ఇంకో పొర వేసి, తీగలు రావడానికి చిన్న చీలిక మాత్రం వదిలింది. ఆ కుట్టుపని చూసి అందరూ మెచ్చుకున్నారు.

"ఎప్పటినుంచి ఇలా?"

"చలికాలమంతా నిక్షేపంలా ఉంది. ఎండలు ముదిరాక మొదలెట్టింది. పాఠం మధ్యలో తెర నల్లబడుతుంది, అంతే. ఫలానా బాధ అని చెప్పదు."

హైమావతి ప్లగ్గు తీసి వేరే చోట పెట్టింది. తీగలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు తప్పు కాదు. మీట నొక్కితే కంప్యూటర్ మామూలుగానే లేచింది. ఏమీ తోచక, బాగుచేసే గౌస్‌కి ఫోను చేసింది.

"ఆ కంప్యూటర్ గురించేనా మేడమ్? దానికో దండం," అన్నాడతను. "మెమరీ తీసి రబ్బరుతో రుద్దాను. విండోస్ మళ్ళీ ఎక్కించాను. కరెంటు డబ్బా మార్చాను. నా షాపులో రోజంతా సినిమాలు ఆడిస్తే కిమ్మనలేదు. అమ్మగారింటికి రాగానే అలుగుతోంది. దోషం దానిది కాదండీ, ఇంటిది. వాస్తు చూపించండి."

"ఇంట్లో ఏ దోషమూ లేదు," అంది హైమావతి. గొంతు అనుకున్నదానికన్నా పైకి లేచింది. "మీ దగ్గర ఏం చేశారో అది చెప్పండి."

"చెయ్యడానికేముంది మేడమ్? బల్లమీద పెట్టి వదిలేశాను."

ఆమె ఫోను పెట్టేసింది.

"అది ఇంటికి రాగానే నీ తొడుగు తొడిగిస్తున్నాను," అన్నారు కామేశ్వరమ్మగారు, ఒత్తుల పత్తి విడదీసుకుంటూ. "దుమ్ము పడనివ్వడం లేదు. అయినా ఎందుకో మరి. ఆగిపోయేదాకా పక్కన కూర్చో. ఈలోగా దేన్నీ కదిలించకు."

హైమావతి కూర్చుంది. తెరమీద పెద్ద అక్షరాలు కదలకుండా ఉన్నాయి. ఆమె వాటిని చదవలేదు. పెట్టె లోపల్నుంచి చప్పుడు మొదట సన్నగా వచ్చింది. తర్వాత పెరిగింది. ఇంకా పెరిగి, మనిషి రొప్పుతున్నట్టు అయింది. ఇంట్లోనూ ఆమె చేసేది ఇదే. పిల్ల పక్కన చేరి, ఊపిరి వినబడుతోందా లేదా అని చెవి అటే వేసి కూర్చుంటుంది. ఆ అలవాటులోనే చెయ్యి చాచి, నుదురు ముట్టి చూసినట్టు, పట్టుతొడుగు మీద అరచెయ్యి ఆనించింది.

కాలిపోతోంది.

చెయ్యి పెట్టె వెనకవైపుకి జరిపింది. రెండో పొర వేసి కుట్టిన చోట గుడ్డ ఉబ్బి, అణిగి, మళ్ళీ ఉబ్బుతోంది. లోపల్నుంచి గాలి దాన్ని కొడుతోంది. బయటికి రావడానికి దారి లేక కొడుతోంది. ఏదో అనబోయేలోపు తెర నల్లబడింది. చప్పుడు ఆగిపోయింది. చేతికింద గుడ్డ చతికిలబడింది.

హైమావతి తొడుగు పైకి లాగింది. చీలికలో తీగలు అడ్డుపడి రాలేదు. సూది మొన కూడా దూరనంత దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. నేలమీద కూర్చుని దారం పళ్ళతో కొరికింది. ఒక కుట్టు తెగితే తర్వాతిది పట్టుకుంటోంది. చివరికి రెండు చేతులతో పట్టి చింపేసింది. వేడిగాలి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది.

"నేనే కుట్టానమ్మగారూ," అంది.

"నువ్వే. ఎంత శ్రద్ధగా కుట్టావు!"

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే హైమావతి ఏడ్చింది. ఆవిడ వారించలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఒత్తులు చేసుకుంటూ ఉండిపోయారు.

పెట్టె చల్లారాక మీట నొక్కితే మళ్ళీ వెలిగింది. హైమావతి కళ్ళు తుడుచుకుని దాని ముందే కూర్చుంది. ఒత్తుల గిన్నె నిండింది. గుమ్మంలో ఎండ జరిగింది. పెట్టె సన్నగా రొద చేస్తూనే ఉంది, ఆగలేదు. చెల్లెలు ఫోను చేసి, పిల్ల లేచింది, మేకులు కొట్టిన కిటికీ దగ్గర నిలబడి ఉంది, ఏం చెయ్యమంటావని అడిగింది. "వస్తున్నాను," అని మాత్రం అంది హైమావతి.

లేచేసరికి బయట లారీ ఒకటి గదినంతా అదరగొడుతూ పోయింది. వాకిట్లోంచి దుమ్ము తేలుతూ వచ్చి, తొడుగు లేని పెట్టెమీద వాలింది. ఆమె కొంగుతో తుడిచింది. ఇంకో లారీ వెళ్ళింది. మళ్ళీ వాలింది.

చినిగిన పట్టుగుడ్డ చేతిలో పట్టుకుని హైమావతి గుమ్మం దగ్గర ఆగింది.

"ఇది లేకపోతే దుమ్ము పడుతుంది కదండీ," అంది. భయం ఇంకా పోలేదు ఆ గొంతులోంచి.

"పడుతుంది హైమా," అన్నారు కామేశ్వరమ్మగారు. "రోజూ తుడుచుకోవాలి."