గుప్పెడేసి ఇసుక

కాళ్ళు ఇలా నా ఒళ్ళో పెట్టు తల్లీ. పరుగుపందెం ఉందని పొద్దున్నుంచీ ఒకటే పరిగెత్తావట, నొప్పులు పుట్టవూ మరి? పిక్కలు నిమురుతాను, కళ్ళు మూసుకుని విను.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర మెట్ట మీద అమ్మవారి గుడి ఉండేది. ఏటా జాతరకి, ఆ వంతు ఉన్న ఇంటి ఆడమనిషి బరువైన ఇత్తడి ఘటం నెత్తిన పెట్టుకుని, ఊరంతా తిరిగి, ఆ మెట్ట ఎక్కాలి. ఘటం మీద చెయ్యి వెయ్యకూడదు. మధ్యలో దించకూడదు. దించితే మరుసటేడు ఘటం వేరే ఇంటికి పోతుంది.

ఆ ఘటం ఎత్తేది గవరమ్మ. వాళ్ళ అత్త తర్వాత తనే. ఆ ఏడు గవరమ్మకి మోకాళ్ళు వాచిపోయాయి. ఇంక మిగిలింది కోడలు మంగతాయి. పాపం, ఆ పిల్ల పెద్ద జ్వరం పడి అప్పుడే లేచింది. గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

"గాలేస్తే ఎగిరిపోతాది, ఇదేటి ఎత్తుతాది?" అంది పక్కింటి నీలవేణి. మంగతాయికి ఆ మాట గుచ్చుకుంది.

అమ్మవారి ఘటాన్ని జాతర రోజున తప్ప ముట్టుకోరు కదా. అందుకని మంగతాయి, బరువు అలవాటు చేసుకుందామని, నీళ్ళబిందె నిండా తడి ఇసుక పోసి, ఒక్కసారే నెత్తికెత్తుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, మెడ పట్టేసింది. తల ఇటూ తిరగదు, అటూ తిరగదు.

గవరమ్మ తిట్టలేదు. ఆముదం వెచ్చచేసి రాసింది. "ఓలమ్మీ, జ్వరం తగ్గిన నాడు నీకు గారెలెట్టేనా? గంజెట్టేను. ఆ తర్వాత జావ. ఆ తర్వాత మెత్తటన్నం. మెడకీ అంతేనే" అంది.

మెడ నొప్పి తగ్గాక ఖాళీ బిందె ఎత్తించింది. ఆ తర్వాత గుప్పెడు ఇసుక వేసింది. తను అరుగు మీద కూర్చుని కోడల్ని కబుర్లలో పెట్టేది. బిందె మోస్తూ మంగతాయి ఆయాసం లేకుండా ఊసులు చెబితే, ఇంకో గుప్పెడు. మాట తెగితే లేదు.

బిందె బరువెక్కింది. మంగతాయికి ఆశ పెరిగింది. పొద్దున ఒకసారి మోసి, అత్త కునుకు తీస్తే మళ్ళీ ఎత్తేది. అప్పుడు కాళ్ళు వణకడం మొదలెట్టాయి. నిన్న మోసింది ఇవాళ మొయ్యలేకపోయింది. "నా వల్ల కాదత్తా, నీలవేణి అన్నదే నిజం" అని ఏడిచింది.

గవరమ్మ బిందెని బోర్లించేసింది. "ఈ పూట బిందె తొంగుంటాది. నువ్వూ తొంగో. బలం ఎత్తినప్పుడు రాదే, తొంగున్నప్పుడొస్తాది."

తిని, నిద్రపోయి లేస్తే, ఆ బిందే తేలికయింది. అప్పట్నుంచి ఒకరోజు మోత, ఒకరోజు విశ్రాంతి.

ఆ తర్వాత ఇంకో చిక్కొచ్చింది. నీళ్ళు మోసి మోసి ఉన్న పిల్ల కదా, బిందె కాస్త ఊగితే చాలు, చెయ్యి దానంతటదే పైకి పోయేది. గవరమ్మ ఆలోచించి, కోడలి రెండు చేతుల్లో రెండు కోడిగుడ్లు పెట్టింది. "చెయ్యెత్తేవో, రాత్రికి కూర లేదు" అంది.

మొదటిరోజు కూర లేదు. రెండోరోజూ లేదు. మామ ఉత్త పచ్చడితో తింటూ, "జాతర బేగొస్తే బాగున్ను" అన్నాడు. మూడోరోజు గుడ్లు నిలిచాయి.

అప్పుడు గవరమ్మ, "ఇంక వాకిట్లో నడక చాలు. ఎక్కాల్సింది మెట్ట కదా, మెట్టే ఎక్కు" అని అటు పంపింది.

జాతర వచ్చింది. డప్పులు మోగాయి. మంగతాయి ఘటం నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగింది. అందరూ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. మెట్ట సగం ఎక్కాక, ఆ తడికి కాలు జారింది. ఘటం ఒరిగింది. డప్పులు ఆగిపోయాయి. నీలవేణి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మంగతాయి వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి, లోపల గుడ్లున్నట్టే. చెయ్యి లేవలేదు. మోకాళ్ళు కొంచెం వంచింది, ఊపిరి తీసుకుంది. ఘటం నిలబడింది. అప్పుడు అడుగేసింది.

ఘటం గుడిలో దించి కిందికొచ్చేసరికి, మెట్ట మొదట్లో గవరమ్మ నిలబడి ఉంది. ఆ మోకాళ్ళతో అంతవరకే రాగలిగింది. ఆవిడ గుప్పెళ్ళు రెండూ ఇంకా బిగించే ఉన్నాయి. మంగతాయి ఒక్కో వేలే విప్పింది.

"రేపేటి ఎత్తమంటావత్తా?"

"రేపేటీ ఎత్తవు. తొంగుంటావు."

నువ్వూ అంతే తల్లీ. రేపు పరుగు లేదు. ఎల్లుండి కొంచెం. ఇంక పడుకో.

ఘటం గుడికి, గుడ్డు కూరకి,
కథ కంచికి, కన్ను నిద్రకి.